కొత్త క్యాంపింగ్ కత్తి కొన్నారా, క్యాంప్‌కి తీసుకెళ్ళే ముందు ఇంటి దగ్గరే ఇలా పని చేయించి చూడండి

కొత్త ఫిక్స్‌డ్ బ్లేడ్ కత్తి (అంటే మడతపెట్టడానికి వీల్లేనిది) పార్సిల్ రాగానే చాలామంది చేసే మొదటి పని, ఎక్కడినుంచో ఒక దుంగ తెచ్చి దాని నెత్తిన కత్తి పెట్టి ఇంకో కర్రతో బాదడం. వీడియోలన్నీ అలాగే మొదలవుతాయి మరి. అలా బాదితే కత్తి విరగలేదని తెలుస్తుంది, అంతకు మించి ఏమీ తెలీదు. ఆ పిడి మీ చేతికి కుదిరిందా, అరగంట చెక్కితే అరచేతిలో ఎక్కడ బొబ్బ లేస్తుంది, చెమట పట్టినప్పుడు జారుతుందా, ఒరలోంచి ఒంటి చేత్తో తీయడం వస్తుందా, పదును పోతే మళ్ళీ మీరే తెప్పించగలరా, ఇవి కదా అక్కడికెళ్ళాక పనికొచ్చేవి. రెండ్రోజుల క్యాంపింగ్‌లో కత్తికి పడే పనేంటో ఒకసారి ఆలోచించండి, ఉల్లిపాయలు తరగడం, తాడు కోయడం, మసాలా ప్యాకెట్లు చింపడం, టెంట్ మేకు ఒకటి పోతే ఇంకోటి చెక్కుకోవడం, పొయ్యి అంటించడానికి పుల్లలు సన్నగా చీల్చడం, దాదాపు అంతే. అందుకే పరీక్ష కూడా అదే వరసలో పెట్టుకోండి, తేలిక పని ముందు, బరువు పని తర్వాత, బాదుడు దాదాపు ఆఖర్న. ముందే బాదేసి అంచు దెబ్బతింటే ఆ తర్వాత చేసే ఏ పరీక్షకీ అర్థం ఉండదు.

నేను మోరా కంపానియన్‌ని మనసులో పెట్టుకుని రాస్తున్నా, ఎందుకంటే ఖరీదు తక్కువ, మొదటిసారి కొనేవాళ్ళు ఎక్కువమంది దాంతోనే మొదలుపెడతారు. స్వీడన్‌లో మోరా అనే ఊరి కత్తి, ఆ కంపెనీ మూలాలు 1891 దాకా వెళ్తాయి. బ్లేడు 10 సెంటీమీటర్ల కంటే కాస్త ఎక్కువ, స్టెయిన్‌లెస్ రకం మందం 2.5 మిల్లీమీటర్లు, ప్లాస్టిక్ ఒర, రబ్బరులాంటి పిడి. స్టెయిన్‌లెస్‌లో ఒకటి, కార్బన్ స్టీల్‌లో ఒకటి దొరుకుతుంది. బ్లేడు ఇనుము పిడి లోపలికి కొంత దూరమే వెళ్తుంది, చివరిదాకా ఉండదు. చివరిదాకా ఉండేదాన్ని ఫుల్ టాంగ్ అంటారు, అదే కంపెనీ గార్బర్గ్ అలాంటిది, మందం కూడా 3.2 మిల్లీమీటర్లు. మీది వేరే కంపెనీదైనా ఈ పద్ధతే పనికొస్తుంది, తేడా వచ్చే చోట చెప్తాను.

ముందు ఎక్కడ పరీక్షించాలో తేల్చుకోండి

మీ పెరడు, మీ పొలం, తెలిసినవాళ్ళ తోట, ఇవి మంచి చోట్లు. అపార్ట్‌మెంట్ అయితే బాల్కనీలో సగం పరీక్షలు చేసుకోవచ్చు, చెక్క పని మటుకు ఊరెళ్ళినప్పుడు పెట్టుకోండి. పార్కుకో అడవికో వెళ్ళి ట్రయల్ వేద్దాం అనుకోవద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో ఆయుధం అనే మాటకి ఇచ్చిన అర్థంలోనే కత్తులు కూడా ఉన్నాయి, 31వ సెక్షన్ ప్రకారం రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి అడుగుపెట్టకూడదు, 30వ సెక్షన్ ప్రకారం ఆ అభయారణ్యానికి ముప్పు తెచ్చేలా నిప్పు రాజేయకూడదు. నేషనల్ పార్కులకీ ఇదే రూలు. అంటే నల్లమలలో అమ్రాబాద్ వైపు వెళ్ళినా నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వ్ వైపు వెళ్ళినా, తలకోన వెళ్ళినా (అది శ్రీ వెంకటేశ్వర నేషనల్ పార్క్‌లో ఉంది) కత్తి నడుముకి తగిలించుకుని వెళ్ళడం కుదరదు. హైదరాబాద్‌లో పొద్దున్నే వాకింగ్‌కి వెళ్ళే కేబీఆర్ పార్క్ కూడా నేషనల్ పార్కే, ఈ సంగతి చాలామందికి గుర్తుండదు. మామూలు రిజర్వ్ ఫారెస్ట్‌లో కూడా పచ్చి కొమ్మ నరకడం నేరమే. కాబట్టి కత్తి పనికొచ్చేది ప్రైవేట్ క్యాంప్‌సైట్లలో, పొలాల్లో, అనుమతి ఉన్న చోట్ల, అక్కడ కూడా నిర్వాహకులని ఒక మాట అడిగి బ్యాగులో పెట్టుకోండి.

కొలతల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. ఆయుధాల రూల్స్‌లో బ్లేడు 9 అంగుళాల కంటే పొడవున్నా, 2 అంగుళాల కంటే వెడల్పున్నా అది వేరే కేటగిరీలోకి వెళ్తుంది, ఇంటికీ వ్యవసాయానికీ వాడేవాటికి మినహాయింపు ఉంది. క్యాంపింగ్‌కి 4 నుంచి 5 అంగుళాలు చాలు, అంతకంటే పెద్దది సినిమా షోకు. బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, అక్కడ సరైన కారణం లేకుండా ఫిక్స్‌డ్ బ్లేడ్ పట్టుకుని బయట తిరగడమే నేరం.

కళ్ళతో చూడటం

కత్తి ఒరలోంచి తీసి అంచు పైకి వచ్చేలా పట్టుకుని ట్యూబ్‌లైట్ కింద మెల్లగా అటూ ఇటూ తిప్పండి. సరిగ్గా పదును పెట్టిన అంచు మీద వెలుగు నిలవదు, అసలు గీతే కనపడదు. ఎక్కడైనా చిన్న చుక్కలా మెరిసిందంటే అక్కడ అంచు వంగిందనో మొద్దుగా ఉందనో అర్థం, ఆ చోటు గుర్తు పెట్టుకోండి. తర్వాత మొన మీ వైపు కాకుండా పట్టుకుని వెన్ను వెంబడి చూడండి, బ్లేడు వంకర ఉంటే వెంటనే తెలిసిపోతుంది. పిడి, బ్లేడు కలిసే చోట గోరు పెట్టి చూడండి, సందు ఉంటే రేపు కూర రసం, నీళ్ళు అందులోకే పోతాయి. ఇవేవైనా తేడాగా ఉంటే వాడకముందే వెనక్కి పంపేయండి, ఒకసారి కట్టె కోశాక ఎవరూ తీసుకోరు.

ఒర పరీక్ష చాలామంది చేయరు, నాకైతే సగం కత్తి ఒరలోనే ఉంది అనిపిస్తుంది. కత్తి ఒరలో పెట్టి మంచం మీద తలకిందులుగా పట్టుకుని గట్టిగా ఊపండి, పడితే పరుపు మీద పడాలి మీ కాలి మీద కాదు. ఊడి వచ్చిందంటే ఆ ఒరతో కొండ ఎక్కొద్దు. తీసేటప్పుడు బొటనవేలు ఒర అంచు మీద ఆనించి నెట్టండి, మిగతా వేళ్ళు ఒర చుట్టూ బిగించి లాగొద్దు, ఎందుకంటే తోలు ఒర పక్క కుట్టు తెగి ఉంటే బ్లేడు బయటికొచ్చి సరిగ్గా ఆ వేళ్ళ మీదే పోతుంది. అడుగున నీళ్ళు కారే చిల్లు ఉందా చూడండి. తోలు ఒర అందంగా ఉంటుంది కానీ మన వానాకాలంలో బూజు పడుతుంది, తేమ పట్టి ఉంచుతుంది, కార్బన్ స్టీల్ కత్తిని అందులో వారం వదిలేస్తే చాలు తుప్పు మచ్చలు. సముద్రం దగ్గర ఉండేవాళ్ళు, విశాఖ కాకినాడ వాళ్ళు, ప్లాస్టిక్ ఒరకే పోతే మేలు.

ఇప్పుడు పిడి. కత్తి ఒరలోనే ఉంచి, అరచేతికి కాస్త వంటనూనె రాసుకుని పిడి పట్టుకుని ముందుకి పొడిచినట్టు, పక్కకి తిప్పినట్టు బలం పెట్టి చూడండి. చెయ్యి ముందుకి జారి ఒర మూతి దాకా వచ్చిందంటే రేపు చికెన్ కోసేటప్పుడు అదే చెయ్యి బ్లేడు మీదకి వస్తుంది. మోరా కంపానియన్‌కి ముందు చిన్న అడ్డం ఉంటుంది, కొన్ని మోడల్స్‌కి అసలేం ఉండదు, అలాంటివాటితో పొడిచే పని పెట్టుకోవద్దు. అయ్యాక కత్తి మొత్తాన్ని గిన్నెలు తోమే సబ్బుతో, వేడి నీళ్ళతో కడిగి తుడవండి, ఫ్యాక్టరీలో పూసిన నూనె మీ టమాటాల్లోకి ఎందుకు.

కాగితం, టమాటా, వంటిల్లు

న్యూస్‌పేపర్ ఒక షీటు తీసుకుని ఒక చేత్తో పైన పట్టుకోండి, బ్లేడు పిడి దగ్గర మొదలుపెట్టి మొన దాకా ఒకే ఊపులో లాగుతూ కోయండి. శబ్దం వినండి, స్స్ అని సాఫీగా పోతే బాగుంది, మధ్యలో ఎక్కడైనా చిక్కుకుని చింపిందంటే అక్కడ అంచు బాలేదు, ఇందాక లైట్ కింద మెరిసిన చుక్క దగ్గరే తగులుకుంటుంది చూడండి. ఆ చోటు ఎదురుగా బ్లేడు పక్కన మార్కర్‌తో చిన్న గీత పెట్టుకోండి. ఇదే కాగితం పరీక్ష ప్రతి పెద్ద పని తర్వాతా మళ్ళీ చేస్తారు, అప్పుడే ఏ పనికి ఎంత పదును పోయిందో పోల్చుకోగలుగుతారు. చేతి మీద వెంట్రుకలు గీకి చూపించే పద్ధతి ఒకటుంది, వద్దు, దాంతో తెలిసేది తక్కువ, తెగితే నష్టం ఎక్కువ. దానికి బదులు పండిన టమాటా మీద కత్తి పెట్టి నొక్కకుండా ఊరికే లాగండి, తొక్క దానంతటదే తెగాలి.

ఆ తర్వాత ఒక పూట వంట మొత్తం ఈ కత్తితోనే చేయండి, ఇంట్లోవాళ్ళు తిట్టినా సరే. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, క్యారెట్, బంగాళదుంప, చికెన్ ఉంటే చికెన్. ఇక్కడ మీకు ఒకటి తెలుస్తుంది, మోరాలాంటి కత్తుల అంచుని స్కాండీ గ్రైండ్ అంటారు, అంటే బ్లేడు చాలాభాగం పూర్తి మందంతోనే ఉండి కింద అంచు దగ్గర మాత్రం రెండు వైపులా ఏటవాలుగా చెక్కినట్టు ఉంటుంది. చెక్కకి ఇది చాలా బాగుంటుంది, క్యారెట్‌కి బాగోదు, సగం దాకా కోసి మిగతా సగం టప్పున పగిలిపోతుంది. ఉల్లిపాయ కూడా మీ వంటింటి చాకుతో తరిగినంత సన్నగా రాదు. కత్తి లోపం కాదు అది, ఆ తయారీ అంతే. క్యాంపులో మీరు ఎక్కువ చేసేది వంటే అయితే ఫ్లాట్ గ్రైండ్ (వెన్ను నుంచి అంచు దాకా సన్నబడుతూ వచ్చేది) ఉన్న పల్చటి కత్తి తీసుకోవడమో, ఒక చిన్న వంటింటి చాకు అదనంగా పెట్టుకోవడమో బెటర్. ఇక కొబ్బరికాయ కత్తి వెన్నుతో కొట్టి చూద్దాం అని ఎవరో ఒకరు అంటారు, ఆ పని రాయికి వదిలేయండి.

కార్బన్ స్టీల్ కొన్నవాళ్ళు మామిడికాయ పరీక్ష తప్పకుండా చేయండి. పుల్లటి పచ్చి మామిడికాయ ఒకటి ముక్కలు కోసి బ్లేడు తుడవకుండా ఐదు నిమిషాలు పక్కన పెట్టండి. తళతళలాడిన ఇనుము ముందు పసుపు జీరలా మారుతుంది, తర్వాత రసం అంటిన చోటల్లా నెమలికంఠం నీలం తిరిగి ఆఖరికి బూడిద రంగులో ఆగుతుంది, ఒక చోట ముదురు ఒక చోట లేత, ముక్క ఆకారం కూడా అచ్చు పడుతుంది. కొత్తవాళ్ళు ఇది చూసి కత్తి పాడైపోయింది అనుకుని పీచు పెట్టి తోమేస్తారు. తోమొద్దు, ఆ ముదురు పొరని పాటినా అంటారు, ఉన్నకొద్దీ ఎర్ర తుప్పు పట్టడం తగ్గుతుంది. మీరు భయపడాల్సింది ఇటికరంగు మచ్చలకి, వేలితో రాస్తే వేలికి అంటేవాటికి. పాటినా సరిగ్గా పడేదాకా కోసిన ఉల్లిపాయకి, నిమ్మకాయకి కాస్త ఇనుము వాసన వస్తుంది, కొన్నిసార్లు వాడాక పోతుంది. ఈ గోల వద్దనుకుంటే స్టెయిన్‌లెస్ తీసుకోండి, మన చెమటకీ మన వానలకీ మొదటి కత్తిగా నేను అదే చెప్తాను.

తాళ్ళు, అట్టపెట్టెలు

ఇది త్వరగా అయిపోతుంది. నైలాన్ తాడు, కొబ్బరి తాడు, ఒక పాత అట్టపెట్టె తీసుకోండి. తాడుని చెక్క మీద పెట్టి ఒకే లాగుడులో తెగుతుందా లేదా రంపంలా రుద్దాల్సి వస్తుందా చూడండి. కొబ్బరి తాడులో ఇసుక ఉంటుంది, అట్టలో కూడా సన్నటి గరుకు ఉంటుంది, పదును తినేసేవి ఈ రెండే. అట్టపెట్టె మొత్తం పట్టీలుగా కోసేసి మళ్ళీ న్యూస్‌పేపర్ తీయండి, ముందటికీ ఇప్పటికీ ఎంత తేడా వచ్చిందో అదే మీ స్టీల్ ఓర్పు. కొత్త కత్తులు కొన్ని ఇక్కడే నిరాశపరుస్తాయి, తొందరపడి తిట్టుకోకండి, ఫ్యాక్టరీలో మెషీన్ మీద పెట్టిన మొదటి అంచు కాస్త బలహీనంగా ఉండటం మామూలే, మీరు ఒకటి రెండుసార్లు నూరాక లోపలి గట్టి ఇనుము బయటపడి ఎక్కువ నిలుస్తుంది.

చెక్క పని, అసలు పరీక్ష

కట్టె ఎంపికలో జాగ్రత్త. ఎండిన సుబాబుల్ మొదలుపెట్టడానికి చాలా బాగుంటుంది, మెత్తగా చెక్కబడుతుంది, పల్లెల్లో ఎక్కడైనా దొరుకుతుంది. వేప కూడా ఫర్వాలేదు. సరుగుడు, జామాయిల్ బాగా ఎండితే రాయే, వాటిని ఆఖర్న పెట్టుకోండి. వెదురు చూడటానికి తేలిక కానీ దాని పైపొరలో సిలికా ఉంటుంది, అంచుని త్వరగా తినేస్తుంది, పైగా చీలిన వెదురు పలక కత్తి కంటే ఎక్కువగా చెయ్యి కోస్తుంది. గన్నేరు జోలికి పోవద్దు, పుల్ల చెక్కి దానికి చికెన్ గుచ్చి కాల్చడం అస్సలు వద్దు, ఆ చెట్టు మొత్తం విషమే, పొగ కూడా. జిల్లేడు పాలు కంట్లో పడితే ఆసుపత్రే గతి.

కూర్చునే తీరు కత్తి కంటే ముఖ్యం. మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, చెక్కే కర్ర రెండు మోకాళ్ళకి ముందుగా, బయటికి ఉండాలి. తొడల మధ్య పెట్టుకుని చెక్కొద్దు, తొడ లోపలి వైపు పెద్ద రక్తనాళం ఉంటుంది, అక్కడ తెగితే కొండ మీద నుంచి కిందకి దించే టైం ఉండదు. కత్తి తీయకముందు చెయ్యి చాపి చుట్టూ ఒకసారి తిప్పి చూడండి, ఆ వలయంలో మనిషి గానీ పిల్లలు గానీ కుక్క గానీ ఉండకూడదు. పక్కన శుభ్రమైన గుడ్డ, బ్యాండేజీ పెట్టుకోండి, తెగితే గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టి పది నిమిషాలు మధ్యలో తీసి చూడకుండా ఉంచండి, లోతుగా ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో అడుగుతారు.

మొదట టెంట్ మేకు చెక్కండి. బొటనవేలు లావు కర్ర, జానెడు పొడవు, ఒక కొన సూదిగా, ఇంకో కొన దగ్గర తాడు ఆగడానికి ఏడు అంకె ఆకారంలో గాటు. సూది కొన చెక్కడం అందరికీ వస్తుంది, ఆ గాటు పెట్టేటప్పుడే కత్తి ఎలాంటిదో తెలుస్తుంది, ఎందుకంటే అక్కడ బ్లేడు పిడి దగ్గరి భాగంతో బొటనవేలు నొక్కి పట్టుకుని చిన్న చిన్న కోతలు కోయాలి, అక్కడ పిడికీ అంచుకీ మధ్య వేలెడు ఖాళీ వదిలిన కత్తులు ఇబ్బంది పెడతాయి. అలాంటివి రెండు మూడు మేకులు చెక్కేసరికి చెయ్యే చెప్తుంది, చూపుడువేలు మొదట్లో గానీ బొటనవేలి కింద కండ దగ్గర గానీ ఎర్రగా కందితే పిడి మీద అక్కడ ఏదో అంచు ఉన్నట్టు. చెక్క పిడి అయితే ఉప్పుకాగితం పెట్టి ఆ అంచు కాస్త గుండ్రం చేసుకోవచ్చు, ప్లాస్టిక్ అయితే గ్లవ్స్ వేసుకోవాలి లేదా కత్తి మార్చుకోవాలి.

తర్వాత ఫెదర్ స్టిక్, అంటే పొడి పుల్లని విడిపోకుండా సన్నటి చుట్టలు చుట్టలుగా చెక్కి ఈకలా చేయడం, వాన పడిన రోజు పొయ్యి అంటించడానికి ఇదే దారి. గుండ్రటి పుల్ల వద్దు, చీల్చిన చితుకు తీసుకుని ఒక మూల పైకి వచ్చేలా పట్టుకోండి. స్కాండీ అంచు ఏటవాలుని ఆ మూల మీద బల్లపరుపుగా ఆనించండి, ఇప్పుడు కత్తిని ఒక్క వెంట్రుక వాసి లోపలికి వంచి మణికట్టు కదపకుండా భుజం నుంచి కిందకి నెట్టండి. మొదట చెక్క పొట్టు ఎగిరి పడుతుంది, కోణం ఎక్కువైంది అన్నమాట, కొంచెం తగ్గించండి. సరిగ్గా కుదిరిన చోట పల్చటి పొర లేచి తనంతట తనే చుట్టుకుంటూ బ్లేడు ముందు పరిగెడుతుంది, వెలుగు కనపడేంత పల్చగా ఉంటుంది, అగ్గిపుల్ల చూపిస్తే చాలు. చివరిదాకా పోనీకుండా ఆపి మళ్ళీ పైనుంచి ఇంకో పొర తీయండి. పొరలు మాటిమాటికీ తెగిపడుతుంటే మూడే కారణాలు, కట్టె పచ్చిగా ఉంది, లేదా పదును తగ్గింది, లేదా మీరు నొక్కుతున్నారు. కొత్తలో ఎక్కువసార్లు మూడోదే.

నిప్పురవ్వల పరీక్ష, ఫెర్రో రాడ్ (గీకితే నిప్పురవ్వలు రాలే లోహపు కడ్డీ) వాడేవాళ్ళకి మాత్రమే. కత్తి వెన్ను మూల కచ్చితంగా 90 డిగ్రీలు ఉంటేనే రాడ్‌ని గీకి రవ్వలు రాల్చుతుంది. మోరా కంపానియన్ వెన్ను గుండ్రంగా ఉంటుంది, రవ్వలు సరిగా రావు, గార్బర్గ్ వెన్ను అందుకే పదునుగా తీసి ఇస్తారు. కంపానియన్ ఉన్నవాళ్ళు ఆకురాయితో వెన్ను మీద రెండు అంగుళాల మేర రుద్ది చదును చేసుకోవచ్చు, మొన వైపు కాకుండా పిడి దగ్గర చేయండి. అంచుతో రాడ్ గీకడం మటుకు ఎప్పుడూ వద్దు. ఇటుక మీద కొబ్బరి పీచు చిక్కు తీసి ఉండలా పెట్టి, మధ్యలో కాస్త దూది, పక్కన బకెట్ నీళ్ళు, రాడ్‌ని వెనక్కి లాగండి కత్తిని కదపకుండా, లేదంటే ఉండ చెదిరిపోతుంది.

ఇప్పుడు బాదుడు

అసలు ఇది మీకు అవసరమా అని ఒకసారి అడుక్కోండి. క్యాంప్‌సైట్ వాళ్ళు కట్టెలు చీల్చి ఇస్తారు, లేకపోతే ఊళ్ళో మచ్చుకత్తి, గొడ్డలి ఉంటాయి, కట్టె చీల్చడం వాటి పని. వాన రోజు పైన తడిసిన కట్టె లోపలి పొడి భాగం కావాలంటే మాత్రం కత్తితో చీల్చడం తెలిసి ఉండాలి, అందుకని చేసి చూడాలి, బడాయికి కాదు.

మణికట్టు లావు లోపే ఉన్న కర్ర తీసుకోండి, ముడులు లేనిది, జానెడున్నర పొడవు. బ్లేడు కర్ర అవతలికి కనీసం రెండు మూడు సెంటీమీటర్లు బయటికి రావాలి, ఎందుకంటే దెబ్బ వేసేది ఆ బయటికొచ్చిన భాగం మీదే. కర్రని దుంగ మీద నిలబెట్టండి, బండ మీద గానీ సిమెంట్ మీద గానీ వద్దు, చీలి కిందకి దిగిన బ్లేడు నేరుగా రాయిని తాకుతుంది. కత్తి అంచు కర్ర మధ్యలో కాకుండా కాస్త పక్కగా పెట్టండి, పిడి ఊరికే సమంగా పట్టుకోండి, ఇంకో కర్రతో కొట్టండి, సుత్తి వద్దు. పిడి పైకి లేస్తుంటే బలవంతంగా కిందకి నొక్కొద్దు, కంపానియన్‌లాంటి సగం టాంగ్ కత్తులు విరిగేది అక్కడే, పిడి మొదట్లో. ముడి తగిలి ఇరుక్కుంటే వంచి పీకొద్దు, కర్రని తిప్పి కింద వైపు నుంచి దుంగకేసి కొడితే వదులవుతుంది. నాలుగైదు చితుకులు వస్తే చాలు, ఆపేయండి. మళ్ళీ లైట్ కింద చూడండి, మళ్ళీ న్యూస్‌పేపర్. పిడి దగ్గర కొత్తగా సందు వచ్చిందా, కదులుతోందా చూడండి. అంచు మీద అలలా చిన్న వంపు కనిపిస్తే స్టీల్ మెత్తన, చిన్న పెంకు ఎగిరిపోయి ఉంటే మరీ గట్టి లేదా అంచు మరీ పల్చన. రెండింటికీ మందు సానరాయి దగ్గరే ఉంది.

నూరడం కూడా పరీక్షలో భాగమే

కొత్త కత్తిని ఇంట్లో ఒకసారి నూరకుండా బయటికి తీసుకెళ్ళొద్దు. వీధిలో చక్రం తిప్పుతూ సాన పట్టేవాళ్ళకి ఇవ్వొద్దు, వాళ్ళు కొడవళ్ళకీ కత్తిపీటలకీ బ్రహ్మాండంగా పడతారు, ఈ సన్నటి అంచుకి మాత్రం ఆ వేడి పడదు, నీళ్ళు లేకుండా తిరిగే చక్రం మీద పల్చటి అంచు క్షణాల్లో 200 డిగ్రీలు దాటేస్తుంది, నీలం తిరిగిందంటే 300 దగ్గరికి పోయినట్టు, అక్కడ ఇనుము మెత్తబడిపోయి ఇక పదును నిలవదు. స్కాండీ ఆకారం కూడా పోతుంది.

హార్డ్‌వేర్ షాపులో ఒకవైపు గరుకు ఒకవైపు నునుపు ఉండే కార్బొరండం రాయి దొరుకుతుంది, మొదలుపెట్టడానికి అది చాలు, తర్వాత కావాలంటే 1000 గ్రిట్ వాటర్ స్టోన్ (నీళ్ళతో తడిపి వాడే సానరాయి, గ్రిట్ అంటే గరుకు కొలత) కొనుక్కోండి. రాయి తడపండి, కింద తడిగుడ్డ వేయండి జారకుండా. స్కాండీలో కోణం లెక్కపెట్టుకునే పని లేదు, ఆ ఏటవాలు మొత్తం రాయికి అతుక్కునేలా పడుకోబెట్టడమే, అక్కడే ఉంది కొత్తవాళ్ళకి సుఖం. ఏటవాలు మీద మార్కర్ పూసి నాలుగుసార్లు రుద్ది చూడండి, రంగు ఎక్కడ మిగిలితే అక్కడ రాయి తగలట్లేదు. ఒక వైపు రుద్దుతూ ఉంటే రెండో వైపు అంచు పొడుగునా సన్నటి గరుకు తగులుతుంది, వేలిని వెన్ను నుంచి అంచు వైపు మెల్లగా జార్చితే తెలుస్తుంది, అంచు వెంబడి మటుకు జార్చొద్దు. ఆ గరుకు మొదలు నుంచి మొన దాకా వచ్చాకే రెండో వైపు తిప్పండి. మార్కర్ గీత పెట్టుకున్న చోట కాస్త ఎక్కువసేపు పడుతుంది. ఆఖర్న పాత తోలు బెల్టు వెనక వైపు అంచుని వెనక్కి లాగుతూ ఇరవై ముప్పైసార్లు రాయండి, గరుకు రాలిపోతుంది. సరుగుడులాంటి గట్టి కట్టెకి అంచు పెంకులు ఊడుతుంటే కత్తిని కొద్దిగా పైకి లేపి నునుపు రాయి మీద రెండు వైపులా రెండు మూడు లాగుళ్ళు వేయండి, అతిచిన్న రెండో అంచు వస్తుంది, ఈకలు కొంచెం తక్కువ అందంగా వస్తాయి కానీ అంచు నిలుస్తుంది.

మోయడం, దాచడం

బ్యాక్‌ప్యాక్ వేసుకుని, నడుం బెల్టు బిగించి, కత్తి తగిలించుకుని మీ మేడ మెట్లు ఎక్కి దిగండి, కింద కూర్చుని లేవండి, బైక్ ఎక్కండి. బ్యాగు బెల్టు, కత్తి ఒర ఒకే చోటికి వచ్చి తుంటికి గుచ్చుకుంటాయని అప్పుడు తెలుస్తుంది. అలాంటప్పుడు బ్యాగు పక్క జేబులో పిడి పైకి ఉండేలా పెట్టుకోవడమే నయం, ఎలాగూ రోడ్డు మీద, బస్టాండులో కనపడేలా పెట్టుకుని తిరిగితే పోలీసులకీ చూసేవాళ్ళకీ సంజాయిషీ చెప్పుకోవాలి. విమానంలో అయితే చెక్-ఇన్ బ్యాగులోనే, ఒరలో పెట్టి గుడ్డ చుట్టి.

ఒక రాత్రి ఒరతో సహా కత్తిని నీళ్ళలో ముంచి తీసి అలాగే బయట వదిలేసి పొద్దున్నే చూడండి, వానలో తడిస్తే ఏమవుతుందో ఇంటి దగ్గరే తెలిసిపోతుంది. స్టెయిన్‌లెస్ అయితే ఒర అడుగున నీళ్ళు మిగిలాయా లేదా అంతే, కార్బన్ అయితే పాటినా లేని చోట్ల ఎర్రమచ్చలు లేచి ఉంటాయి, కొబ్బరినూనె చుక్క వేసి మెత్తటి గుడ్డతో రుద్దితే పైపైవి పోతాయి. ట్రిప్ నుంచి వచ్చాక కడిగి, పూర్తిగా ఆరబెట్టి, కార్బన్ బ్లేడుకైతే పల్చగా నూనె రాసి, తోలు ఒరైతే కత్తిని ఒర బయటే కాగితంలో చుట్టి, పిల్లలకి అందని చోట తాళం వేసి పెట్టండి.